ఫియోర్డ్ ఒడ్డున మూడు నిద్రలు: వరంగల్ నుంచి నార్వే వెళ్లేవారికి ఒక సమీక్ష

వేములవాడకు పోయినవాళ్లు రాజన్నను చూసి అదే పూట బస్సెక్కరు. గుడి దగ్గర ఒక రాత్రి నిద్ర చేసి, మర్నాడు పొద్దున కదులుతారు. నార్వేలోని ఫియోర్డ్‌లనూ అలాగే చూడాలి. ఈ సమీక్షలో మేం గట్టిగా చెప్పదలచింది ఇదొక్కటే. హైదరాబాద్ ట్రావెల్ ఏజెన్సీలు అమ్మే యూరప్ ప్యాకేజీల్లో నార్వేకు ఇచ్చేది చాలాసార్లు ఒకే రోజు. పొద్దున ఓస్లోలో రైలెక్కి, మ్యూర్‌డాల్‌లో రైలు మారి ఫ్లోమ్‌కు దిగి, పడవలో గుద్వాంగెన్‌కు, అక్కడి నుంచి బస్సులో వోస్‌కు, మళ్లీ రైల్లో రాత్రికి బెర్గెన్ చేరడం. దారి నిజంగా గొప్పది. కానీ రోజంతా ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కడంతోనే సరిపోతుంది. ఆ ఒక్కరోజు చుట్టుకు ఐదుకు రెండున్నర ఇస్తాం. అదే దారిని ముక్కలు చేసి, మధ్యలో మూడు రాత్రులు సోగ్నెఫియోర్డ్ ఒడ్డున, రెండు రాత్రులు హార్డంగర్‌ఫియోర్డ్ ఒడ్డున ఉంటే ఐదుకు నాలుగున్నర. తగ్గిన అర మార్కు ఖర్చుకూ, వానకూ.

ఫియోర్డ్ అంటే నది కాదు, చెరువూ కాదు. మంచుయుగాల్లో హిమానీనదాలు కొండల మధ్య లోయను లోతుగా తొలిచి కరిగిపోయాక, ఆ లోయలోకి సముద్రం వచ్చి నిలిచింది. అందుకే నీళ్లు ఉప్పగా ఉంటాయి. సముద్రంలో కలిసే చోటు కంటే లోపలే లోతు ఎక్కువ. సోగ్నెఫియోర్డ్ పొడవు సుమారు 205 కిలోమీటర్లు, అత్యధిక లోతు 1,300 మీటర్ల పైచిలుకు. దాని కొమ్మల్లో ఒకటైన నారొయ్‌ఫియోర్డ్ ఒకచోట 250 మీటర్ల వెడల్పుకు సన్నబడుతుంది. మన రామప్పకు 2021లో దక్కిన యునెస్కో గుర్తింపు దీనికి 2005లోనే వచ్చింది, గైరాంగెర్‌ఫియోర్డ్‌తో కలిపి.

ఎప్పుడు వెళ్లాలి

బొగత జలపాతం వానలకు నిండుతుంది. ఇక్కడి జలపాతాలు ఎండకు నిండుతాయి. కొండల మీది మంచు మే, జూన్ నెలల్లో కరుగుతుంది కాబట్టి నీళ్లు ఎక్కువగా దూకేది అప్పుడే. ఆగస్టు వచ్చేసరికి చిన్న జలపాతాలు చాలావరకు తడి చారలుగా మిగులుతాయి. జలపాతాల కోసమైతే మే చివరి వారం నుంచి జూన్ నెలాఖరు వరకు మంచి కాలం. హార్డంగర్ ఆపిల్ తోటలు పూసేది మే నడుమ. పండ్లు కావాలంటే ఆగస్టు ఆఖరు నుంచి అక్టోబర్ మొదటి వారాల వరకు. తిండి కోసమే పోతే సెప్టెంబర్ చివరా, అక్టోబరూ. గొర్రెలు కొండల మీద వేసవంతా మేసి కిందికి దిగేది అప్పుడే, మాంసం వంటలన్నీ ఆ నెలల్లోనే మొదలవుతాయి. తిండీ జలపాతాలూ రెండూ ఒకే ప్రయాణంలో పూర్తిగా దొరకవు. ఏది ముఖ్యమో ముందే తేల్చుకుని టికెట్లు తీసుకోండి.

మే 17 నార్వే రాజ్యాంగ దినోత్సవం. ఊరేగింపులు, జనం వేసుకునే సంప్రదాయ దుస్తులు చూడముచ్చటగా ఉంటాయి, దుకాణాలు మాత్రం మూతపడతాయి. ఆదివారాలూ అంతే, చిన్న కిరాణాలు కొన్ని తప్ప ఏవీ తెరవరు. శనివారం సాయంత్రంలోపు పాలూ, రొట్టే, గుడ్లూ తెచ్చుకోకపోతే ఆదివారం రెస్టారెంట్ ధరలే గతి.

బెర్గెన్‌లో ఏడాదికి 2,200 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, మన వరంగల్‌కు రెండింతలకు మించి. పైగా అది మన వానలా గంట దంచి వెళ్లిపోదు, సన్నగా పొద్దంతా పడుతూనే ఉంటుంది. గొడుగు గాలికి నిలవదు. వాననీరు దిగని జాకెట్, అదే రకం ప్యాంటు, లోపల ఉన్ని బనియన్ తీసుకెళ్లండి. జీన్స్, నూలు స్వెటర్ తడిస్తే మర్నాటికీ ఆరవు, ఒంట్లో వేడంతా లాగేస్తాయి. జూలైలో కూడా పడవ పైఅంతస్తులో చలి వణికిస్తుంది, పిల్లలకు టోపీ, చేతి తొడుగులు ఉండాల్సిందే. వాతావరణం కోసం అక్కడివాళ్లు నమ్ముకునే యాప్ పేరు వైఆర్. నార్వే వాతావరణ శాఖ, అక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ కలిసి నడుపుతాయి. గంట గంటకూ ఏం కాబోతోందో చెబుతుంది.

రైలు, పడవ

ఓస్లో–బెర్గెన్ రైలు మార్గం 1909 నాటిది. మొత్తం ప్రయాణం ఆరున్నర, ఏడు గంటలు. దారిలో ఫిన్సె స్టేషన్ 1,222 మీటర్ల ఎత్తున ఉంటుంది, జూన్‌లో కూడా కిటికీలోంచి మంచు కనిపిస్తుంది. ముందుగా తీసుకుంటే తక్కువ ధర టికెట్ దొరుకుతుంది, రోజు దగ్గరపడేకొద్దీ ధర పెరుగుతుంది. వేసవిలో పట్టాల మరమ్మతులకని కొన్ని రోజులు రైలు ఆపి బస్సులు వేస్తుంటారు. మీ తేదీకి అలాంటిదేమైనా ఉందేమో టికెట్ కొనేముందే చూసుకోండి.

మ్యూర్‌డాల్ నుంచి ఫ్లోమ్‌కు దిగే చిన్న రైలు మార్గం 20.2 కిలోమీటర్లు. 866 మీటర్ల ఎత్తు నుంచి దాదాపు సముద్రమట్టం దాకా గంటలోపు దింపుతుంది. 20 సొరంగాలు, వాటిలో ఎక్కువభాగం చేత్తో తొలిచినవే. 1940లో రైళ్లు మొదలయ్యాయి. మధ్యలో ఛోస్‌ఫోసెన్ జలపాతం దగ్గర ఐదు నిమిషాలు ఆపుతారు. అందరూ ఒక్కసారిగా దిగుతారు, ప్లాట్‌ఫాం తడిగా జారుడుగా ఉంటుంది, తుంపరకు కెమెరా అద్దం మసకబారుతుంది. తుడుచుకునే గుడ్డ జేబులో ఉండాలి. జలపాతం నిజంగా పెద్దది. రైల్లోంచి కనిపించే మిగతాదంతా మాత్రం సొరంగాల మధ్య ముక్కలు ముక్కలుగానే. అందుకే రాకపోకలు రెండూ రైల్లోనే చేయడం డబ్బు దండగ. ఒకవైపు రైలు, ఇంకోవైపు కాలినడకో సైకిలో పెట్టుకుంటే ఆ లోయ పూర్తిగా మీదవుతుంది. మ్యూర్‌డాల్ నుంచి ఫ్లోమ్ దాకా మొత్తం దిగుడే. మొదట్లో 21 మెలికల కంకర దారి నిటారుగా ఉంటుంది, అక్కడ సైకిల్ దిగి నడిపించుకోవాలి. బ్రేకులు ఎక్కువసేపు నొక్కితే వేడెక్కి పట్టు తప్పుతాయి. అంత నడవలేనివారు సగం దారిలోని బేరెక్వాం స్టేషన్‌లో దిగి, ఏటి వెంట మూడు గంటలు తీరిగ్గా నడిచి ఫ్లోమ్ చేరవచ్చు. పెద్దవాళ్లున్న కుటుంబానికి ఇదే సరైన కొలత.

ఫ్లోమ్–గుద్వాంగెన్ పడవ రెండు గంటలు. ఇప్పుడు తిరిగేవాటిలో 2018లో వచ్చిన పూర్తి బ్యాటరీ పడవ కూడా ఉంది. ఇంజిన్ చప్పుడు ఉండదు కాబట్టి జలపాతం హోరు దూరం నుంచే వినిపిస్తుంది. ఈ ఒక్క కారణానికే డీజిల్ పడవకు బదులు దీన్ని ఎంచుకోమంటాం. చిన్న ప్రయాణికుల ఓడలు ఈ వారసత్వ ఫియోర్డ్‌లలోకి 2026 నుంచి పొగ లేకుండానే రావాలని నార్వే నియమం పెట్టింది, పెద్ద క్రూయిజ్ ఓడలకు గడువు 2032.

పడవలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఫ్లోమ్‌లో ఎక్కగానే పైకి పోయి, మొదటి గంటంతా చలిలో నిలబడి ఫోన్ బ్యాటరీ ఖాళీ చేస్తారు. అది వెడల్పాటి ఔర్లాండ్స్‌ఫియోర్డ్. పడవ ఎడమకు మళ్లి నారొయ్‌ఫియోర్డ్‌లోకి దూరేసరికి వణుకుతూ లోపలికి పోయి కాఫీ తాగుతుంటారు. అసలు గోడలు దగ్గరపడేది అప్పుడే. మొదటి గంట లోపల వెచ్చగా కూర్చుని, పడవ మళ్లగానే పైకి వెళ్లండి. నిలువు కొండల మధ్య ఎండ కిందిదాకా పడేది ఎక్కువగా మధ్యాహ్నం దగ్గర్లోనే, కాబట్టి ఫోటోలు ముఖ్యమనుకునేవాళ్లు ఆ వేళకు ఇరుకు భాగంలో ఉండే పడవ చూసుకోవాలి. గుద్వాంగెన్‌లో దిగాక వోస్ బస్సు గంట ప్రయాణం. పడవ వేళకూ బస్సు వేళకూ మధ్య ఎడం ముందే చూసుకోండి, అక్కడ కాలక్షేపానికి పెద్దగా ఏమీ లేదు.

మూడు నిద్రలు ఎక్కడ

ఫ్లోమ్‌లో కాదు, ఔర్లాండ్‌లో. ఫ్లోమ్ కొన్ని వందల మంది ఉండే ఊరు. క్రూయిజ్ ఓడ ఆగిన రోజు ఆ చిన్న రేవులోకి వేలమంది దిగుతారు. మేడారంలో జంపన్నవాగు దగ్గర నిలబడ్డట్టే ఉంటుంది, అంతదూరం పోయేది దానికోసం కాదు. ఓడల రాక తేదీలు రేవు వెబ్‌సైట్‌లో ముందే పెడతారు, అవి చూసి ఫ్లోమ్ రోజును ఎంచుకోండి. సాయంత్రం ఓడలు కదిలిపోయాక ఫ్లోమ్ కూడా ప్రశాంతమే. ఔర్లాండ్ అక్కడికి ఏడెనిమిది కిలోమీటర్లు, బస్సులో పది పదిహేను నిమిషాలు. కిరాణా ఉంది, బేకరీ ఉంది, పాత రాతి చర్చి ఉంది. పెన్నీ లోఫర్ అని మనం పిలిచే చెప్పుల మూలం ఈ ఊరి చెప్పులే అంటారు, వాటిని ఇప్పటికీ ఇక్కడ కుడుతున్నారు.

ఔర్లాండ్ పైన 650 మీటర్ల ఎత్తున స్టేగస్టైన్ అనే చెక్క వంతెన కొండ అంచు నుంచి 30 మీటర్లు గాల్లోకి పొడుచుకొచ్చి ఉంటుంది. చివర అద్దం ఒక్కటే అడ్డు. మేఘాలు 600 మీటర్లకు దిగిన రోజు అక్కడ కనిపించేది తెల్లటి గోడ మాత్రమే. మూడు రాత్రులు ఉండమనడానికి ఇది కూడా ఒక కారణం. మూడు రోజుల్లో ఒక పూటైనా తెరిపి దొరికే అవకాశం బాగుంటుంది, ఒక్కరోజు ప్యాకేజీలో వచ్చినవాడికి రెండో అవకాశమే ఉండదు. జూన్‌లో రాత్రి పదకొండు దాకా వెలుతురుంటుంది కనుక భోజనం చేశాక కూడా పైకి పోవచ్చు, అప్పుడు టూరిస్టు బస్సులూ ఉండవు. కిటికీకి మందపాటి తెర లేని గదైతే నిద్ర పట్టదు, కళ్లకు కట్టుకునే పట్టీ తీసుకెళ్లండి.

బసకు హోటల్ కంటే హ్యుట్టె అనే చెక్క క్యాబిన్ మేలు. వంటగది ఉంటుంది, నలుగురికి సరిపోతుంది. అయితే చాలాచోట్ల దుప్పట్లు, తువ్వాళ్లు అద్దెలో కలవవు, విడిగా కట్టాలి. ఖాళీ చేసేముందు ఊడ్చి తుడిచి గిన్నెలు కడిగి అప్పగించాలి, లేదంటే శుభ్రం చేసే రుసుము వేస్తారు. బుక్ చేసేటప్పుడే ఈ రెండూ చదువుకోండి. పొయ్యి ఎక్కువగా కరెంటుదే. ఎండుమిర్చి తాళింపు పెడితే పొగ గంట మోగుతుంది, క్యాంపు మొత్తం బయటికొస్తుంది. కిటికీ తెరిచి, పొయ్యి పైనున్న ఫ్యాన్ వేసి, సన్నటి సెగ మీద పోపు వేసుకోవాలి. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్‌లో దిగదు, యూరప్ అడాప్టర్ రెండు తీసుకోండి.

మాంసం, పాలతో చేసినవి ఏవీ ఇక్కడి నుంచి నార్వేలోకి తీసుకుపోకూడదు. నెయ్యి డబ్బా, పాలకోవా, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి అన్నీ కస్టమ్స్ వాళ్ల పాలవుతాయి. నూనెలో వేయించిన సకినాలకు ఆ బాధ లేదు. బియ్యప్పిండి, నువ్వులు, వాము తప్ప అందులో ఏముంది! పది రోజులైనా మెత్తబడవు, కొండ నడకలో అంతకు మించిన చిరుతిండి లేదు. బియ్యం మోసుకుపోనక్కర్లేదు, బాస్మతి అక్కడి సూపర్‌మార్కెట్లలోనే దొరుకుతుంది. కారం పొట్లం మాత్రం తప్పనిసరి. ఎందుకో కింద తెలుస్తుంది.

తిండి: మేక జున్ను నుంచి గొర్రె తలకాయ దాకా

ఉండ్రెడాల్ వంద మంది లోపు మనుషులూ, వాళ్లకు ఎన్నో రెట్ల మేకలూ ఉండే పల్లె. 1988 దాకా అక్కడికి రోడ్డే లేదు, పడవే దిక్కు. ఫ్లోమ్ నుంచి రోడ్డు మీద పదమూడు కిలోమీటర్లు, దారిలో పెద్ద సొరంగం ఉంది కాబట్టి నడిచి పోలేం. బస్సులు తక్కువ, తిరుగు బస్సు వేళ చూసుకున్నాకే బయల్దేరండి. నలభై మంది పట్టే చిన్న చెక్క చర్చి కూడా ఉంది కానీ, పోయేది జున్ను, అంటే చీజ్ కోసమే.

ఇక్కడి బ్రూనోస్ట్, అంటే గోధుమరంగు జున్ను, తెలుగువాళ్లకు చెప్పడం తేలిక: అది విరుగుడు నీళ్ల కోవా. మేకపాలను విరిచి తెల్లజున్ను తీసేశాక మిగిలిన నీళ్లను పారబోయకుండా గంటల తరబడి మరిగిస్తారు. నీరంతా ఇగిరి, పాలలోని చక్కెర గోధుమరంగుకు తిరిగి, ముద్దగా అయ్యాక ఆపకుండా కలుపుతూ చల్లారుస్తారు. కలపడం సరిగా లేకపోతే చక్కెర పలుకులుగా కట్టి నాలుక మీద ఇసుకలా తగులుతుంది. కోవా చేసేవాళ్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. రుచి తీపి, ఉప్పు, చివర్లో మేక వాసన. దుకాణంలో మూడు రకాలుంటాయి. ఎక్తె గైతోస్ట్ అంటే పూర్తిగా మేకపాలది, వాసన ఘాటు. గుద్‌బ్రాన్స్‌డాల్‌సోస్ట్ ఆవు, మేక కలిసినది, ఎర్ర కాగితంలో వస్తుంది. 1863లో ఆన్నె హోవ్ అనే పాడి పనిచేసే అమ్మాయి మీగడ కలిపి చేసిన పద్ధతి నుంచి పుట్టింది. ఫ్ల్యొతెమ్యుసోస్ట్ ఆవుపాలది మాత్రమే. పిల్లలకు, మొదటిసారి తినేవారికి ఎర్ర కాగితంది తీసుకోండి. కత్తితో ముక్కలు కోస్తే గొంతులో అతుక్కుంటుంది. ఓస్తెహొవెల్ అనే గీకే పరికరంతో కాగితమంత పల్చగా తీసి, వేడి వాఫిల్ మీదో రొట్టె మీదో వేసుకోవాలి. మన జొన్న రొట్టె మీద వేసినా బాగుంటుంది, వేడికి కరిగి అంచుల్లోకి దిగుతుంది.

సోగ్నెఫియోర్డ్ ఒడ్డునే వీక్ అనే ఊళ్లో గామలోస్ట్ చేస్తారు, పాత జున్ను అని అర్థం. వెన్న తీసిన పాలను పులియబెట్టి, రెన్నెట్ వేయకుండా విరిచి, బూజు పట్టించి మాగబెడతారు. పశువుల కడుపు నుంచి తీసే రెన్నెట్ వల్ల జున్ను ముట్టని శాకాహారులకు ఇది పనికొస్తుంది. వాసన మాత్రం అందరూ తట్టుకోలేరు. వెన్న, తీపి జామ్ వేసి చిన్న ముక్కతో మొదలుపెట్టండి.

అసలు వోస్‌కు వెళ్లాల్సింది అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య. తలకాయ కూర తినే మన జిల్లాలవాళ్లకు స్మలహోవె చూస్తే కొత్త అనిపించదు. గొర్రె తల బొచ్చును మంటలో కాల్చి, గీకి, నిలువునా చీల్చి, మెదడు తీసి, ఉప్పులో ఊరబెట్టి, పొగబెట్టి, ఎండబెట్టి, మూడు గంటల దాకా ఉడికిస్తారు. ఒక్కొక్కరికి సగం తల, పక్కన ఉడికిన ఆలుగడ్డలు, రుతబాగా అనే దుంప మెత్తటి ముద్ద. మసాలా లేదు, అల్లంవెల్లుల్లి లేదు, పులుసు లేదు. చెవి, కన్ను ముందు తినాలి. అక్కడ కొవ్వెక్కువ, చల్లారితే పేరుకుని రుచి చెడుతుంది. ఆ తర్వాత దవడ కండ, చివరికి నాలుక. మనం కాల్చిన తలను ముక్కలు కొట్టించి, కారం పట్టించి, పులుసుగా వండుతాం కాబట్టి పొగ వాసన వెనక్కిపోతుంది. ఇక్కడ పొగా ఉప్పే ముందుంటాయి. 1998 నుంచి పెద్ద గొర్రె తలలు అమ్మడం ఆపారు, గొర్రెలకొచ్చే మెదడు జబ్బు భయంతో. ఇప్పుడు దొరికేవి గొర్రెపిల్లల తలలే. ముందుగా చెప్పి పెట్టించుకోవాలి, నేరుగా పోయి అడిగితే దొరకదు. మెదడు రాదని ముందే తెలుసుకుని వెళ్లండి, భేజా ఫ్రై ఆశించేవాళ్లు నిరాశ పడతారు.

ఫోరికోల్ అనే మటన్, క్యాబేజీ వంట సెప్టెంబర్‌లో ప్రతి చోటా కనిపిస్తుంది. ఎముకతో ఉన్న మాంసం ఒక వరుస, క్యాబేజీ ఒక వరుస, మధ్యలో నలగ్గొట్టని మిరియాలు, ఉప్పు, కాసిని నీళ్లు. రెండు రెండున్నర గంటలు సన్నటి సెగ. అంతే. మిరియాలు గింజలుగానే ఉంటాయి కాబట్టి కారం పైకి రాదు, ఒక గింజ కొరికి ముద్ద తింటే అసలు రుచి తెలుస్తుంది. గురువారం నాడు పశ్చిమ నార్వే క్యాంటీన్లలో రాస్పెబాల్లర్ పెడతారు. తురిమిన ఆలుగడ్డ, పిండి కలిపి ఉడికించిన ముద్దలు, ఉప్పు మటన్, పక్కన పంది కొవ్వు. పంది తిననివాళ్లు అడిగి తీసుకోవాలి. ముద్దలు మన కుడుముల్లా కడుపులో బరువుగా కూర్చుంటాయి, రెండు చాలు. పిన్నెషెట్ అనే ఉప్పు గొర్రె పక్కటెముకలు క్రిస్మస్‌కే. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, బర్చ్ పుల్లల మీద ఆవిరికి ఉడికిస్తారు. నానడం తక్కువైతే ఉప్పుకు నోట్లో పెట్టలేం.

చేపల విషయంలో బెర్గెన్ రేవు పక్క చేపల మార్కెట్ చూడటానికి బాగుంటుంది, తినడానికి ఖరీదు. ప్లేటు 300 క్రోనర్ల (నార్వే కరెన్సీ) దగ్గర మొదలవుతుంది. అదే చేప సూపర్‌మార్కెట్‌లో కొని క్యాబిన్‌లో వండుకుంటే మూడోవంతుకు వస్తుంది. స్థానిక సాల్మన్ అని మెనూలో రాసినా అది దాదాపు ఎప్పుడూ పెంపకపు చేపే. అడవి సాల్మన్ తగ్గిపోయి 2024 జూన్‌లో 33 నదుల్లో వేటే ఆపారు. కాడ్ చేప అడగండి, అక్కడి సముద్రపు రుచి అందులోనే ఉంటుంది. బెర్గెన్ చేపల సూప్ పాలమీగడతో తెల్లగా, తియ్యగా ఉంటుంది. మన చేపల పులుసుకు అలవాటుపడిన నాలుకకు మొదటి మూడు చెంచాలు చప్పగా తోస్తుంది. కారం పొట్లం అందుకే. కానీ ముందు కారం వేయకుండా సగం గిన్నె తిని చూడండి, చేప తాజాదనం దాచకుండా చెప్పే వంట అది.

శాకాహారులకు పస్తులుండవు, కానీ వెతుక్కోవాలి. ర్యొమ్మెగ్రొట్ అనే పుల్లటి మీగడ జావ మంచి భోజనం. మీగడ, పిండి, పాలు, ఉప్పు, పైన వెన్న, చక్కెర, దాల్చినచెక్క పొడి. పక్కన ఎండు మాంసం పెట్టడం ఆచారం కాబట్టి వద్దని ముందే చెప్పాలి. లెఫ్సె అనే పలుచటి రొట్టెలో వెన్న, చక్కెర రాసి మడిచి ఇస్తారు. వాఫిల్‌లో గుడ్డు ఉంటుంది.

హార్డంగర్

వోస్ నుంచి ఉల్విక్‌కు బస్సుంది. హార్డంగర్‌ఫియోర్డ్ 179 కిలోమీటర్లు, సోగ్న్ అంత భయపెట్టే గోడలు కావు. వాలుల మీద తోటలు, వెనక మంచు. ఉల్విక్‌లో ఒకదానికొకటి నడిచిపోయేంత దగ్గరలో మూడు తోటలు పండ్ల దారి పేరుతో అతిథులను రానిస్తాయి. జ్యూస్, జామ్, సిడర్ రుచి చూపిస్తారు. సిడర్ రుచి చూడటానికి ముందుగా బుక్ చేసుకోవాలి. మన వరంగల్ చపాటా మిర్చికి భౌగోళిక గుర్తింపు ఉన్నట్టే హార్డంగర్ సిడర్‌కూ ఆ పేరు మీద చట్టరక్షణ ఉంది, వేరేచోట ఆపిల్‌తో చేసింది ఆ పేరుతో అమ్మకూడదు. కల్లులా పొద్దున తీసి సాయంత్రం తాగేది కాదు, నెలల తరబడి పులిసి తేరుకున్నది. తీపి తక్కువ, పులుపు, కొంచెం వగరు. 4.7 శాతం దాటిన మద్యం కిరాణాల్లో అమ్మరు, ప్రభుత్వ దుకాణాలకు ఆదివారం సెలవు. అయితే 2016 నుంచి తోటల దగ్గరే సిడర్ కొనుక్కోవచ్చు. తాగి బండి నడపడం అసలు కుదరదు, అక్కడి హద్దు రక్తంలో 0.02 శాతం, మన దేశంలోని దానికంటే తక్కువ. మద్యం ముట్టనివారికి ఎప్లెమోస్ట్ ఉంది, వడకట్టని ఆపిల్ రసం. గ్రావెన్‌స్టైన్, అరోమా, డిస్కవరీ అంటూ పండు రకం పేరుతో సీసాలుంటాయి. గ్రావెన్‌స్టైన్‌ది పుల్లగా సువాసనగా ఉంటుంది, అది వదలొద్దు.

రోడ్డు పక్కన మనుషులు లేని బల్లల మీద పండ్ల సంచులు, ధర రాసిన చీటీ ఉంటాయి. అక్కడివాళ్లు విప్స్ అనే యాప్‌తో చెల్లిస్తారు. మన ఫోన్‌పే లాంటిదే, కానీ నార్వే గుర్తింపు సంఖ్య లేకుండా తెరవలేం. అందుకే చిల్లర నాణేలు ఒక వంద రెండు వందల క్రోనర్ల మేర దగ్గర పెట్టుకోండి. దేశమంతటా నగదు అవసరమయ్యేది దాదాపు ఇక్కడే.

ట్రోల్‌తుంగా అనే నాలుక రాయి ఫోటో చూసి ఈ ప్రయాణంలోనే దాన్నీ ఇరికించాలనుకుంటారు. షెగ్గెదాల్ నుంచి రానుపోను 27 కిలోమీటర్లు, పది పన్నెండు గంటల నడక. దానికి విడిగా రెండు రోజులు పెట్టుకోలేకపోతే వదిలేయండి. బదులు వోరింగ్స్‌ఫోసెన్ జలపాతానికి వెళ్లండి. 182 మీటర్లు దూకే నీళ్లను పైనున్న మెట్ల వంతెన మీది నుంచి చూడవచ్చు.

వీసా, పైసలు

నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు కానీ, ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో ఉంది. దరఖాస్తు ముందు నార్వే వలస శాఖ సైట్‌లో నింపి, 90 యూరోల రుసుము అక్కడే కట్టి, ఆ తర్వాత హైదరాబాద్‌లో వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ కేంద్రంలో వేలిముద్రలు, కాగితాలు ఇవ్వాలి. కేంద్రం సేవా రుసుము వేరు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు. వేసవికైతే మార్చిలోపు ముగించండి, ఏప్రిల్ తర్వాత అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టమవుతుంది. బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. శంషాబాద్ నుంచి నార్వేకు నేరు విమానం లేదు, దోహా, దుబాయ్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట్ల మారాలి. పోతూ ఓస్లోలో దిగి, వస్తూ బెర్గెన్ నుంచి ఎక్కేలా టికెట్ తీసుకుంటే వెనక్కి తిరిగే ఒక రోజు మిగులుతుంది.

క్రోనర్ ఇంచుమించు 9 రూపాయలు. రెస్టారెంట్‌లో ఒక వంటకం 250 నుంచి 350, కాఫీ 40 నుంచి 50. కుళాయి నీళ్లు హాయిగా తాగవచ్చు, సీసా కొనొద్దు. కొన్న సీసా మీద 2 లేదా 3 క్రోనర్ల పూచీ ఉంటుంది, ఖాళీది సూపర్‌మార్కెట్ యంత్రంలో వేస్తే తిరిగొస్తుంది. బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లో కార్డుకు విదేశీ లావాదేవీలు తెరిచి పెట్టండి, మన బ్యాంకులు చాలావాటికి అది మూసే ఉంచుతాయి. పిన్ గుర్తుండాలి. రెండు కార్డులు రెండు వేర్వేరు సంచుల్లో పెట్టుకోండి.

జున్ను ఇంటికి తెచ్చుకోవాలంటే విమానాశ్రయంలో కాదు, ఔర్లాండ్ లేదా వోస్ కిరాణాలోనే కొనండి. మూత తీయని ప్యాకెట్ తీసుకుని చెక్-ఇన్ సంచిలో, ఉన్ని బట్టల మధ్య పెట్టండి. గీకే ఓస్తెహొవెల్ కూడా అదే సంచిలో వేయాలి, చేతిసంచిలో ఉంటే భద్రతా తనిఖీలో ఆపుతారు. ఇంటికొచ్చాక ఫ్రిజ్‌లో కింది అరలో, కోసిన వైపు కాగితంతో గట్టిగా చుట్టి ఉంచండి. గాలి తగిలితే అంచులు గట్టిపడి పగులుతాయి.